యూనిట్ - 8: సాఫ్ట్‌వేర్ సంస్థలో వెబ్, డిజైన్ బృందం పని

విషయ క్రమం

8.0 లక్ష్యాలు
8.1 పరిచయం
8.2 వెబ్ పేజీలోని మూడు పొరలు
8.3 బృందంలో ఎవరు ఏ పని చేస్తారు?
8.4 ఒక పేజీ తయారయ్యే క్రమం
8.5 తెలుగు లిపి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు
8.6 అందరికీ అందుబాటు
8.7 వేగం
8.8 బృందంలో అభిప్రాయ భేదాలు
8.9 సారాంశం
8.10 కీలక పదాలు
8.11 నమూనా ప్రశ్నలు, కృత్యం

8.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:

- వెబ్, డిజైన్ బృందంలోని వివిధ బాధ్యతలను వేరుచేసి చెప్పగలుగుతారు.
- ఒక వెబ్ పేజీ ఆలోచన దశ నుంచి విడుదల వరకు ఏయే దశలు దాటుతుందో వివరించగలుగుతారు.
- తెలుగులో పేజీలు తయారుచేసేటప్పుడు వచ్చే ప్రత్యేక సమస్యలను గుర్తించగలుగుతారు.
- మీరు వాడే ఏ వెబ్ పేజీలోనైనా లోపం ఎక్కడుందో, దానిని ఎవరు సరిచేయాలో ఊహించగలుగుతారు.

8.1 పరిచయం

మీరు పరీక్ష ఫీజు కట్టిన రోజును ఒకసారి గుర్తు చేసుకోండి. పగలంతా పనిచేసుకుని, రాత్రి ఫోనులో పేజీ తెరిచి ఉంటారు. వివరాలన్నీ నింపాక ఫోటో దగ్గర ఆగిపోయి ఉండవచ్చు. లేదా డబ్బు ఖాతాలోంచి పోయి, రసీదు రాకపోయి ఉండవచ్చు. మరునాడు సెలవు పెట్టి దగ్గరలోని నెట్ సెంటరుకు వెళ్ళి, అక్కడి వారికి మీ వివరాలు, పాస్‌వర్డ్, ఫోనుకు వచ్చిన ఓటీపీ చెప్పి, పని పూర్తి చేయించుకుని ఉండవచ్చు. కొన్నిసార్లు దరఖాస్తులో నెట్ సెంటరు వారి ఫోను నంబరే నమోదవుతుంది. ఆ తరువాత మీకు రావలసిన సమాచారం మీకు చేరదు.

ఇలా జరిగినప్పుడు చాలామంది "నాకు కంప్యూటరు సరిగ్గా రాదు" అని తమను తామే నిందించుకుంటారు. ఈ యూనిట్ మిమ్మల్ని మరో కోణంలో ఆలోచించమంటుంది. ఫోటో ఎంత సైజులో ఉండాలో ముందే చెప్పాలా, తప్పు జరిగాక చెప్పాలా అన్నది ఎవరో ఒకరు తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయాలు తీసుకునేది సాఫ్ట్‌వేర్ సంస్థలోని వెబ్, డిజైన్ బృందం. ఈ బృందం పని రంగులు అద్దడం, బొమ్మలు పెట్టడం మాత్రమే అన్న అభిప్రాయం ఉంది. నిజానికి వారి అసలు పని వేరు. పేజీ తెరిచిన మనిషి తాను వచ్చిన పనిని ఇతరుల సాయం లేకుండా పూర్తి చేసుకుని వెళ్ళేలా చూడడమే అది.

యూనిట్ అంతటా ఒకే ఉదాహరణ తీసుకుందాం. ఒక సార్వత్రిక విశ్వవిద్యాలయం తన పరీక్ష ఫీజు పేజీని కొత్తగా తయారు చేయమని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థను కోరిందనుకుందాం. ఇది కేవలం ఊహించిన ఉదాహరణ. కాని ఇందులోని చిక్కులు మీకు తెలిసినవే.

8.2 వెబ్ పేజీలోని మూడు పొరలు

బృందం పనిని అర్థం చేసుకోవాలంటే పేజీ దేనితో తయారవుతుందో తెలియాలి. టిమ్ బెర్నర్స్-లీ 1989లో, జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనా సంస్థలో పనిచేస్తూ వెబ్‌ను ప్రతిపాదించారు. 1991 నాటికి అది బయటి వారికి అందుబాటులోకి వచ్చింది. తొలి పేజీలలో ఉన్నది పాఠం, ఒక పేజీ నుంచి మరో పేజీకి వెళ్ళే లింకులు మాత్రమే. ఆ తరువాత పేజీ క్రమంగా మూడు పొరలుగా రూపొందింది.

మొదటిది హెచ్‌టీఎంఎల్. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పేరు రాసే గడి, ఇది బటన్ అని పేజీలోని ప్రతి భాగం ఏమిటో చెబుతుంది. రెండవది సీఎస్ఎస్. దీని తొలి ప్రమాణం 1996లో వెలువడింది. అక్షరాల పరిమాణం, రంగు, వరుసల మధ్య ఖాళీ, గడులు పక్కపక్కన ఉండాలా ఒకదాని కింద ఒకటి ఉండాలా అన్నది ఇది నిర్ణయిస్తుంది. మూడవది జావాస్క్రిప్ట్. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ సంస్థలో దీనిని రూపొందించారు. బటన్ నొక్కితే ఏమి జరగాలి, గడిలో తప్పు రాస్తే ఏమని చెప్పాలి వంటి కదలికలన్నీ దీని పని.

ఇంటితో పోల్చి చూస్తే మొదటిది గోడలు, గదులు. రెండవది సున్నం, రంగులు, అమరిక. మూడవది కరెంటు, స్విచ్చులు. రంగు బాగాలేకపోయినా ఇంట్లో ఉండవచ్చు. గదులే తప్పుగా కడితే ఎంత మంచి రంగు వేసినా ప్రయోజనం ఉండదు. పేజీ విషయంలోనూ ఇంతే.

8.3 బృందంలో ఎవరు ఏ పని చేస్తారు?

చిన్న సంస్థలో ఇద్దరు ముగ్గురే ఈ పనులన్నీ పంచుకుంటారు. పెద్ద సంస్థలో ఒక్కో పనికి ఒక్కో వ్యక్తి, కొన్నిచోట్ల ఒక్కో ఉపబృందం ఉంటుంది. సంస్థను బట్టి పదవుల పేర్లు మారినా బాధ్యతలు ఇవే:

- ప్రాజెక్టు మేనేజర్: ఏ పని ముందు, ఏది తరువాత, ఎప్పటికి పూర్తికావాలి అన్నది చూస్తారు. పని చేయించుకునే సంస్థకూ బృందానికీ మధ్య వారధి.
- యూఎక్స్ పరిశోధకులు: యూఎక్స్ అంటే వాడుకరి అనుభవం. పేజీని వాడేవారు ఎవరు, ఎక్కడ ఆగిపోతున్నారు అన్నది స్వయంగా చూసి తెలుసుకుంటారు.
- యూఐ డిజైనర్: యూఐ అంటే తెర మీద కనిపించే రూపం. గడులు, బటన్లు, అక్షరాలు, రంగులు ఎలా ఉండాలో ఫిగ్మా వంటి సాధనాలలో గీసి చూపుతారు.
- కంటెంట్ రైటర్: తెర మీద కనిపించే ప్రతి మాటా వీరి బాధ్యత. బటన్ మీది మాట నుంచి తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం వరకు అన్నీ వీరే రాస్తారు.
- ఫ్రంట్‌ఎండ్ డెవలపర్: డిజైన్‌ను పైన చెప్పిన మూడు పొరలలో కోడ్‌గా రాసి, పనిచేసే పేజీగా మారుస్తారు.
- బ్యాక్‌ఎండ్ డెవలపర్: పేజీ వెనుక సర్వర్, డేటాబేస్, బ్యాంకు చెల్లింపుల అనుసంధానం చూస్తారు.
- టెస్టర్: పేజీ ఎక్కడెక్కడ విఫలమవుతుందో విడుదలకు ముందే వెతికి పట్టుకుంటారు.

ఈ జాబితాలో కోడ్ రాసేవారు అందరూ కాదని గమనించండి. మనుషులను ఓపికగా గమనించడం, మాటను స్పష్టంగా రాయడం, తప్పును పద్ధతిగా వెతకడం కూడా ఈ బృందంలో పూర్తిస్థాయి ఉద్యోగాలే.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
(అ) పేజీలో "ఇది బటన్" అని చెప్పే పొర ఏది?
(ఆ) తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశాన్ని రాయవలసింది ఎవరు?

8.4 ఒక పేజీ తయారయ్యే క్రమం

8.4.1 అవసరాన్ని తెలుసుకోవడం

మన ఉదాహరణలో విశ్వవిద్యాలయం అధికారులు "పాత పేజీ బాగాలేదు, ఆకర్షణీయంగా చేయండి" అని అడిగారనుకుందాం. అనుభవం లేని బృందం వెంటనే రంగులు ఎంచుకోవడం మొదలుపెడుతుంది. అనుభవం ఉన్న బృందం ముందు ఒక ప్రశ్న వేస్తుంది: పాత పేజీలో అభ్యాసకులు ఎక్కడ ఆగిపోతున్నారు?

సమాధానం కోసం పరిశోధకులు అధ్యయన కేంద్రానికి, నెట్ సెంటరుకు వెళతారు. "పేజీ బాగుందా?" అని అడగరు. అలా అడిగితే మర్యాద కోసం అందరూ బాగుందనే అంటారు. బదులుగా "ఇందులో ఫీజు కట్టి చూపించండి" అని చెప్పి, పక్కన కూర్చుని మౌనంగా చూస్తారు. ఎక్కడ వేలు ఆగింది, ఏ మాటను రెండుసార్లు చదివారు, ఎక్కడ వెనక్కి వెళ్ళారు అన్నది రాసుకుంటారు. దీనినే వాడుకరి పరీక్ష అంటారు. ఇందుకు వందలమంది అవసరం లేదు. ఈ రంగంలో పేరుపొందిన జాకబ్ నీల్సన్ 2000లో ఇచ్చిన సూచన ప్రకారం, ఒకసారికి అయిదుగురితో పరీక్షిస్తే లోపాలలో ఎక్కువ భాగం బయటపడతాయి. వాటిని సరిచేసి మళ్ళీ మరో అయిదుగురితో పరీక్షించడం మేలు.

మన ఉదాహరణలో మూడు విషయాలు తేలాయనుకుందాం. ఒకటి, విశ్వవిద్యాలయం దగ్గర ముందే ఉన్న వివరాలనే పేజీ మళ్ళీ అడుగుతోంది. రెండు, ఫోటో పెద్దదైతే తిరస్కరిస్తోంది కాని ఎంత ఉండాలో ముందు చెప్పడం లేదు. మూడు, బ్యాంకు నుంచి సమాధానం ఆలస్యమైతే "విఫలమైంది" అని చూపుతోంది. దానితో కొందరు రెండోసారి కట్టేస్తున్నారు. ఈ మూడింటిలో ఒక్కటి కూడా రంగులకు సంబంధించినది కాదు.

8.4.2 అమరికను నిర్ణయించడం

తరువాతి దశలో పేజీ నమూనాను గీతలతో, గడులతో కాగితం మీదో తెర మీదో గీస్తారు. దీనిని వైర్‌ఫ్రేమ్ అంటారు. ఇందులో రంగులు, బొమ్మలు ఉండవు. ఏది ముందు, ఏది తరువాత అన్నదే ఇక్కడి చర్చ. రంగు వేసిన బొమ్మ చూపిస్తే చూసేవారు రంగు గురించే మాట్లాడతారు. అందుకే ముందు గీతల నమూనా చూపుతారు.

ఈ దశలో అన్నిటికన్నా విలువైన పని తీసివేయడం. ప్రవేశ సంఖ్య, పుట్టిన తేదీ తీసుకుంటే పేరు, కోర్సు, రాయవలసిన పేపర్లు విశ్వవిద్యాలయం రికార్డు నుంచే వస్తాయి. అభ్యాసకుడు వాటిని సరిచూసుకుంటే చాలు. ఒక గడి తగ్గితే తప్పు జరిగే చోటు ఒకటి తగ్గుతుంది.

8.4.3 రూపకల్పన

ఇప్పుడు డిజైనర్ అసలు రూపం ఇస్తారు. ఇక్కడ కొత్తవారు సాధారణంగా చేసే పొరపాటు ఒకటుంది. అంతా సక్రమంగా జరిగినప్పటి పేజీని మాత్రమే గీస్తారు. మంచి డిజైనర్ ప్రతి పేజీకి కనీసం నాలుగు స్థితులు గీస్తారు: ఇంకా ఏమీ నింపనప్పుడు, సమాచారం వస్తూ ఉన్నప్పుడు, తప్పు జరిగినప్పుడు, పని పూర్తయినప్పుడు. వాడేవారికి డిజైనర్ సాయం ఎక్కువగా కావలసింది మూడవ స్థితిలోనే.

తప్పు సందేశాలు రాసేది కంటెంట్ రైటర్. ఈ రెండు సందేశాలను పోల్చి చూడండి.

"చెల్లని ఇన్‌పుట్. మళ్ళీ ప్రయత్నించండి."

"మీ ఫోటో సైజు 2 ఎంబీ ఉంది. ఇక్కడ 100 కేబీ లోపు ఉండాలి. 'ఫోటో తగ్గించు' నొక్కితే మేమే తగ్గిస్తాం."

మొదటిది తప్పు జరిగిందని మాత్రమే చెప్పింది. రెండవది ఏమి జరిగిందో, ఎంత ఉండాలో, ఇప్పుడేమి చేయాలో చెప్పింది. ఇంకొక అడుగు వేస్తే, పేజీ తనంతట తానే ఫోటోను తగ్గించుకుని అసలు సందేశమే రాకుండా చేయవచ్చు. అన్నిటికన్నా మంచి తప్పు సందేశం అవసరమే పడనిది.

8.4.4 కోడ్ రాయడం

డిజైన్ ఖరారయ్యాక డెవలపర్లు కోడ్ రాస్తారు. ఒకరు రాసిన మార్పు మరొకరి పనిని చెడగొట్టకుండా గిట్ అనే సాధనం వాడతారు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దీనిని రూపొందించారు. ఎవరు, ఎప్పుడు, ఏ వరుస మార్చారో ఇది నమోదు చేస్తుంది. అవసరమైతే పాత స్థితికి తిరిగి వెళ్ళనిస్తుంది. ఒకరు రాసిన కోడ్‌ను మరొకరు చదివి ఆమోదించాకే అసలు కోడ్‌లో కలుపుతారు.

రెండుసార్లు డబ్బు పోయే సమస్యను ఇక్కడ ఎలా పరిష్కరిస్తారో చూడండి. ఫ్రంట్‌ఎండ్‌లో, ఒకసారి నొక్కిన చెల్లింపు బటన్ మళ్ళీ నొక్కడానికి వీలులేకుండా చేస్తారు. కాని ఇదొక్కటే చాలదు. నెట్‌వర్క్ పోయి పేజీని మళ్ళీ తెరిస్తే బటన్ మళ్ళీ వస్తుంది. అందుకే బ్యాక్‌ఎండ్‌లో ప్రతి అభ్యాసకుడి ప్రతి పరీక్ష ఫీజుకు ఒకే లావాదేవీ సంఖ్య ఇచ్చి, అదే సంఖ్యతో రెండోసారి వచ్చిన కోరికను కొత్త చెల్లింపుగా తీసుకోకుండా చూస్తారు. పేజీలో "విఫలమైంది" అన్న మాట బదులు, "బ్యాంకు నుంచి సమాధానం ఇంకా రాలేదు. దయచేసి మళ్ళీ కట్టవద్దు. ఈ సంఖ్యతో తరువాత చూసుకోండి" అని రాస్తారు. ఒక సమస్యకు డిజైనర్, రైటర్, ఇద్దరు డెవలపర్లు కలిసి జవాబు చెప్పారు. బృందం ఎందుకు అవసరమో ఈ ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది.

8.4.5 పరీక్షించడం

కోడ్ రాసినవారి దగ్గర మంచి కంప్యూటరు, వేగమైన ఇంటర్నెట్ ఉంటాయి. వాడేవారి దగ్గర అవి ఉండకపోవచ్చు. అందుకే టెస్టర్ తక్కువ ధర ఫోనులో, చిన్న తెర మీద, బలహీనమైన సిగ్నల్‌లో పేజీని నడిపి చూస్తారు. చెల్లింపు మధ్యలో నెట్ ఆపి చూస్తారు. పేరులో ఖాళీ, చుక్క, తెలుగు అక్షరాలు రాసి చూస్తారు.

లోపం కనిపించినప్పుడు "పేజీ పనిచేయడం లేదు" అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ ఫోనులో, ఏయే అడుగులు వేశాక, ఏమి జరగాలి, వాస్తవంగా ఏమి జరిగింది అన్న నాలుగు విషయాలు రాయాలి. మీరు ఏ సంస్థకైనా ఫిర్యాదు రాసేటప్పుడు ఈ నాలుగూ పాటిస్తే సమస్య త్వరగా తెమిలే అవకాశం ఎక్కువ.

8.4.6 విడుదల, తరువాతి పని

పేజీని ముందుగా అసలు పేజీలాగే ఉండే ప్రయోగ సర్వర్‌లో ఉంచి చూస్తారు. ఆ తరువాతే అందరికీ విడుదల చేస్తారు. ఫీజు చివరి తేదీకి ముందు రోజున పెద్ద మార్పులు విడుదల చేయకపోవడం ఈ రంగంలో మంచి పద్ధతి. ఆ రోజు ఎక్కువమంది వస్తారు. లోపం వస్తే సరిచేసే సమయం ఉండదు. విడుదలయ్యాక కూడా ఎంతమంది మొదలుపెట్టారు, ఎంతమంది రసీదు దాకా వెళ్ళారు, ఎక్కడ ఆగారు అన్నది గమనిస్తూనే ఉంటారు. ఏదైనా పెద్ద తేడా కనిపిస్తే పాత స్థితికి మార్చి, కారణం వెతుకుతారు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
(అ) వైర్‌ఫ్రేమ్‌లో రంగులు ఎందుకు ఉండవు?
(ఆ) చెల్లింపు బటన్‌ను ఒకసారే నొక్కేలా చేస్తే సరిపోతుందా? ఎందుకు?

8.5 తెలుగు లిపి విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఆంగ్లంలో చక్కగా పనిచేసే పేజీ తెలుగులో తడబడవచ్చు. కారణాలు తెలిస్తే వాటిని నివారించడం కష్టం కాదు.

ఒకప్పుడు తెలుగు వెబ్ పేజీలు చాలావరకు ఎవరికి వారు తయారు చేసుకున్న ఫాంట్లతో ఉండేవి. ఆ ఫాంటు మన కంప్యూటరులో లేకపోతే అక్షరాల బదులు అర్థంలేని గుర్తులు కనిపించేవి. యూనికోడ్ ఈ సమస్యను తీర్చింది. 1991లో వచ్చిన దాని తొలి ప్రమాణంలోనే తెలుగు ఉంది. ఇప్పుడు నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర వంటి ఫాంట్లు ఉచితంగా లభిస్తున్నాయి. అయినా ఈ కింది విషయాలు బృందం చూసుకోవాలి.

అక్షరాల లెక్క: మనకు "స్త్రీ" ఒక అక్షరం. యూనికోడ్‌లో అది స, పొల్లు, త, పొల్లు, ర, ఈకారపు గుర్తు అనే ఆరు సంకేతాలు. సర్వసాధారణంగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, అంటే మొత్తం 18 బైట్లు కావాలి. "వెంకటలక్ష్మి" అన్న పేరు మన కంటికి అయిదు అక్షరాలు. అందులో 12 సంకేతాలు, 36 బైట్లు ఉన్నాయి. డేటాబేస్‌లో పేరుకు 30 బైట్లే కేటాయిస్తే ఆ పేరు పూర్తిగా నిలవదు. చివరి భాగం తెగిపోవచ్చు, లేదా నమోదే కాకపోవచ్చు. హాల్‌టికెట్‌లో పేరు తప్పుపడితే దానిని సరిచేయించుకోవడానికి అభ్యాసకుడు ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలుసు.

పేరు తనిఖీ: "పేరులో అక్షరాలు మాత్రమే ఉండాలి" అని కోడ్‌లో రాసినప్పుడు, గుణింతపు గుర్తులు, పొల్లు యూనికోడ్ లెక్కలో అక్షరాల వర్గంలో కాక గుర్తుల వర్గంలో ఉంటాయని డెవలపర్‌కు తెలియాలి. తెలియకపోతే "రమ" అన్న పేరు చెల్లుతుంది, "రాము" అన్న పేరు చెల్లదు.

కనిపించని గుర్తు: "సాఫ్ట్‌వేర్" అని సరిగ్గా రాయాలంటే ట్ తరువాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు ఉండాలి. లేకపోతే అది "సాఫ్ట్వేర్" అని వత్తుగా మారిపోతుంది. వెతికే గడిలో ఈ రెండు రూపాలూ ఒకటేనని బృందం కోడ్‌లో చెప్పకపోతే, సమాచారం ఉండి కూడా వెతికిన వారికి దొరకదు.

వరుసల ఎత్తు: తెలుగులో గుడులు పైకి, వత్తులు కిందికి వెళతాయి. ఆంగ్ల అక్షరాలకు సరిపోయే వరుస ఎత్తును తెలుగుకు ఇస్తే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. "సమర్పించు" అన్న మాటను ఎత్తు తక్కువ బటన్‌లో పెడితే కింది వత్తు తెగిపోతుంది. అక్షర పరిమాణానికి ఒకటిన్నర రెట్లు, అవసరమైతే ఇంకొంచెం ఎక్కువ ఎత్తు ఇవ్వడం మంచిది.

మాట ఎంపిక: బటన్ మీద "రుసుము చెల్లింపునకు కొనసాగుము" అనాలా, "ఫీజు కట్టండి" అనాలా? "ప్రవేశ పత్రం" అనాలా, "హాల్‌టికెట్" అనాలా? అభ్యాసకులు తమలో తాము ఏ మాట వాడుకుంటారో ఆ మాటే తెర మీద ఉండాలి. చాలామందికి తెలుగు పేజీ కన్నా ఆంగ్ల పేజీయే సులువనిపించడానికి ఒక కారణం, ఆ తెలుగు ఎవరూ మాట్లాడని తెలుగు కావడమే. ఇక్కడ తెలుగు మాధ్యమంలో చదువుకున్న వారికి బృందంలో ప్రత్యేకమైన విలువ ఉంది. ఏ మాట దగ్గర పాఠకుడు ఆగుతాడో వారికి అనుభవంతో తెలుసు.

8.6 అందరికీ అందుబాటు

మీ తోటి అభ్యాసకులలో చూపు లేనివారు ఉంటారు. వారు ఫోనులోని స్క్రీన్ రీడర్ అనే సాధనం సాయంతో పేజీని విని చదువుతారు. చేతులు వణికేవారు, రంగుల మధ్య తేడా తెలియనివారు, వయసు పైబడి చిన్న అక్షరాలు చదవలేనివారు కూడా ఉంటారు. వీరందరూ వాడగలిగేలా పేజీ తయారు చేయడాన్ని అందుబాటు అంటారు.

ఇందుకు వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు రూపొందించింది. తొలి రూపం 1999లో, 2.2 రూపం 2023లో వచ్చాయి. వాటి నుంచి కొన్ని సూత్రాలు చూడండి:

- మామూలు అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య తేడా కనీసం 4.5:1 నిష్పత్తిలో ఉండాలి. తెలుపు మీద లేత బూడిద రంగు అక్షరాలు ఎండలో ఎవరికీ కనిపించవు.
- తప్పును ఎరుపు రంగుతో మాత్రమే చూపకూడదు. మాటల్లో కూడా చెప్పాలి.
- సమాచారం ఇచ్చే ప్రతి బొమ్మకు దాని వివరణ కోడ్‌లో రాయాలి. ముఖ్య ప్రకటనను బొమ్మగా పెట్టి వదిలేస్తే స్క్రీన్ రీడర్‌కు అందులోని మాటలు అందకపోవచ్చు.
- పేజీ ఏ భాషలో ఉందో కోడ్‌లో ప్రకటించాలి. అప్పుడే స్క్రీన్ రీడర్ దానిని తెలుగు ఉచ్చారణతో చదవడానికి వీలవుతుంది.
- వేలితో నొక్కే బటన్లు మరీ చిన్నవిగా, మరీ దగ్గరగా ఉండకూడదు.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఎలక్ట్రానిక్ మాధ్యమాలలోని సమాచారం కూడా అందుబాటు రూపంలో ఉండాలని చెబుతోంది. కాబట్టి ఇది బృందం చేసే దయ కాదు, పాటించవలసిన బాధ్యత. ఇంకొక విషయం గమనించండి. పై సూత్రాలు పాటించిన పేజీ ఎండలో నిలబడి, ఒక చేత్తో ఫోను పట్టుకుని చూసే వారికి కూడా సులువుగా ఉంటుంది.

8.7 వేగం

పేజీ బరువు కూడా డిజైన్ నిర్ణయమే. ఒక చిన్న లెక్క చేద్దాం. విశ్వవిద్యాలయ భవనం ఫోటో ఒకటి ఫోనులో తీసినది తీసినట్టే పెడితే 4 ఎంబీ ఉందనుకుందాం. సెకనుకు 1 మెగాబిట్ వేగం వచ్చే చోట, ఒక బైటుకు 8 బిట్లు కాబట్టి, 32 మెగాబిట్లు రావడానికి సుమారు 32 సెకన్లు పడుతుంది. అదే ఫోటోను 200 కేబీకి తగ్గిస్తే 2 సెకన్ల లోపే వస్తుంది. తీసేస్తే అసలు సమయమే పట్టదు. ఫీజు కట్టడానికి వచ్చిన వారికి భవనం ఫోటో అవసరమా అని బృందం అడగాలి.

గూగుల్ సూచించే కొలతల ప్రకారం పేజీలోని ముఖ్య భాగం 2.5 సెకన్ల లోపు కనిపించాలి. నొక్కిన దానికి 200 మిల్లీసెకన్ల లోపు స్పందన ఉండాలి. మూడవ కొలత పేజీ కదలకపోవడం. మీరు ఒక బటన్ నొక్కబోతుండగా పైన ఏదో బొమ్మ వచ్చి చేరి, బటన్ కిందికి జరిగి, వేలు మరో దాని మీద పడిన అనుభవం మీకు ఉండే ఉంటుంది. బొమ్మకు ఎంత చోటు కావాలో ముందే కోడ్‌లో రాస్తే అలా జరగదు.

8.8 బృందంలో అభిప్రాయ భేదాలు

ఇదంతా చదివాక "ఇన్ని తెలిసి కూడా పేజీలు ఎందుకు సరిగ్గా ఉండవు?" అని మీకు అనిపించవచ్చు. గడువు దగ్గరపడుతుంది. డబ్బు ఇంతే అంటారు. పేజీ పైభాగంలో కదిలే ఫోటోలు ఉండాలని పని చేయించుకునే వారు పట్టుబడతారు. డెవలపర్ "ఇది తరువాత చూద్దాం" అంటారు. ముందుగా వాయిదా పడేవి తరచుగా తప్పు సందేశాలు, తెలుగు రూపం, అందుబాటు. ఎందుకంటే అవి లేకపోయినా సమావేశంలో పేజీ బాగానే కనిపిస్తుంది.

ఇలాంటప్పుడు మంచి బృందం నాకు నచ్చింది, నీకు నచ్చింది అన్న వాదనకు దిగదు. అయిదుగురు అభ్యాసకులు పేజీ వాడుతుండగా రాసుకున్న విషయాలను ముందుంచుతుంది. ఆ అయిదుగురిలో ముగ్గురు కదిలే ఫోటోల కింద ఉన్న "ఫీజు కట్టండి" బటన్‌ను చూడనే లేదని చూపితే, అధికారి కూడా ఒప్పుకోవడానికి కారణం దొరుకుతుంది. పేజీ వాడేవారు సమావేశంలో ఉండరు. వారి తరఫున మాట్లాడవలసింది ఈ బృందమే.

8.9 సారాంశం

వెబ్, డిజైన్ బృందం పని తెరకు అందం తేవడంతో ఆగదు. వాడేవారు ఎక్కడ ఆగుతున్నారో గమనించడం, అనవసరమైనవి తీసివేయడం, తప్పు జరిగినప్పుడు దారి చూపడం, కోడ్ రాసి తక్కువ ధర ఫోనులో పరీక్షించడం, విడుదలయ్యాక గమనిస్తూ ఉండడం ఇందులోని దశలు. తెలుగు పేజీలలో సంకేతాల లెక్క, వరుసల ఎత్తు, వాడుక మాటల ఎంపిక ప్రత్యేకంగా చూసుకోవాలి. అందుబాటు, వేగం చివరలో చేర్చే అలంకారాలు కావు; మొదటి నుంచే ఆలోచించవలసినవి. ఒక పేజీ దగ్గర మీరు ఆగిపోతే, లోపం మీలోనే ఉందని అనుకోకండి. అక్కడ ఏ నిర్ణయం తప్పిందో వెతకండి.

8.10 కీలక పదాలు

వాడుకరి పరీక్ష: వాడేవారికి ఒక పని అప్పగించి, వారు దానిని చేస్తుండగా గమనించే పద్ధతి.
వైర్‌ఫ్రేమ్: రంగులు లేకుండా అమరికను మాత్రమే చూపే పేజీ నమూనా.
యూనికోడ్: ప్రపంచ లిపులలోని అక్షరాలకు, గుర్తులకు వేర్వేరు సంకేత సంఖ్యలు ఇచ్చే ప్రమాణం.
స్క్రీన్ రీడర్: తెర మీది పాఠాన్ని చదివి వినిపించే సాధనం.

8.11 నమూనా ప్రశ్నలు, కృత్యం

I. కింది ప్రశ్నలకు 30 వరుసలలో సమాధానాలు రాయండి.
1. ఒక వెబ్ పేజీ తయారీలోని దశలను ఉదాహరణతో వివరించండి.
2. తెలుగులో వెబ్ పేజీలు తయారుచేసేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 వరుసలలో సమాధానాలు రాయండి.
1. మంచి తప్పు సందేశంలో ఉండవలసిన అంశాలు ఏవి?
2. అందుబాటు సూత్రాలు అందరికీ ఎలా ఉపయోగపడతాయి?

కృత్యం: మీరు తరచుగా వాడే ఒక సేవా పేజీని మీ ఇంట్లో ఒకరికి ఇచ్చి, ఒక పని పూర్తి చేయమనండి. వారికి సాయం చేయకుండా పక్కన కూర్చుని చూడండి. వారు ఆగిన ప్రతి చోటునూ రాసుకోండి. ప్రతి దాని ఎదుట బృందంలో ఎవరు దానిని సరిచేయాలో, ఎలా సరిచేయవచ్చో ఒక వాక్యంలో రాసి, తరువాతి సంప్రదింపు తరగతికి తీసుకురండి.